ఇంచుల లెక్క

మా దిక్కు ఇంచులంటే నీళ్లు.
బోరేయించి వచ్చినోన్ని "ఎన్నొచ్చినయ్?" అనే అడుగుతరు.
"ఇంచున్నర" అంటడు,
లేకుంటే సప్పుడు జెయ్యకుండ బీడీ ముట్టిస్తడు.

కొండమల్లేపల్లి చౌరస్తల నా దుకాణం,
టైర్లకు గాలి గొట్టే హనీఫ్ పక్కపొంటి.
ఆయన గాలిని లోపల బంధిస్తడు
నేను ముంగటికీ ఎనకకూ నూకుత.
"మనిద్దరిదీ గాలి దందనే భాయ్" అని నవ్వుతడు.

పొద్దుగాల్నే బొలేరో దిగిండు
ఎర్రగుట్ట తండ పిలగాడు మేగావత్ చందు.
"అన్నా, పదిహేనించులది గావాలె.
మొన్న తీజ్ కాడ ఆంగోతు రమేశ్‌గాని బండి ముంగట
నాది దోమ లెక్క గుయ్యిమన్నది."

వాని డిక్కీల ఉన్నది ఎనిమిదించులది,
జానెడుకు ఏలెడంత తక్కువ.
సుద్దముక్క దీసి షట్టర్ మీద రెండు సున్నలు గీసిన.
"ఎనిమిదికి పన్నెండంటే ఒకటిన్నర అనుకుంటవు నువ్వు.
సున్న అడ్డం పెరిగినంత నిలువు గూడ పెరుగుతది బిడ్డా,
గాలి లెక్కల రెండుంబావు.
మీ అమ్మ జొన్నరొట్టె కొట్టంగ సూడలేదా,
అదే మందం, జర్రంత వెడల్పు,
ఎంత పిండి గుంజుతది!

గా చిన్నదే పెద్దదాని తీరు మోగాల్నంటే
రెండుంబావింతలు ఉరకాలె, వచ్చుకుంట పోవుకుంట.
ఉరికి ఉరికి అంచు రబ్బరు పిగులుతది.
పెద్దది ఉన్నకాన్నే ఉండి
రొమ్ము కొంచెం ఇరుస్తది, గంతే."

"మరి పదిహేనే వెట్టన్నా."
"పెడత. దానికి డబ్బ యాడ వెడతవ్?
ఊపిరాడే జాగ లేకుంటే
మూతేసిన కుండల బోదురుకప్ప అది.
ఆంపుల దమ్ము లేకుంటే
దెబ్బ దెబ్బకు నీ హెడ్‌లైట్లు కండ్లార్పుతయ్."

వానికి ఎక్కలే.
పదిహేను అన్న మాటే వాని నోట్ల తిరుగుతున్నది
చాక్లెట్ లెక్క.

నేను చెప్పంది ఒకటున్నది.
పదకొండేండ్లు రిగ్గు మీద జేసిన.
బొక్క ఆరున్నర ఇంచులే,
వంద ఎకరాలోనికీ అదే, రెండెకరాలోనికీ అదే.
కంప్రెసర్ గాలిని భూమిలకు నూకుతది,
రాయి పిండై పైకి లేస్తది.
గుర్రంపోడు అవతల ఒక రాత్రి
ఆరునూర్ల నలభై అడుగులు దిగినం.
దుమ్ము.
ఇంకో రాడు ఏసినం. దుమ్ము.
రాడ్లన్ని గుంజినంక ఆ రైతు, ముత్తాలు,
మోకాళ్ల మీద కూసొని కేసింగు పైపుకు చెవి ఆనిచ్చిండు.
శానసేపు.
"ఏమినవడ్తుందే?" అన్న.
"గాలి" అన్నడు.
"కింద గాలి మోగుతుంది."

నా చెవులల్ల పై సగాన్ని గా రిగ్గే దిన్నది.
పిచ్చుకలు పోయినయ్, సైకిలు గంట పోయింది,
దూరంకెల్లి పిలిస్తే నా పెండ్లాం గొంతు సగం పోయింది.
అడుగు మోతలు మిగిలినయ్.
"దెబ్బ మంచిగ బిగిస్తడు" అని ఊరంత పేరు గందుకే.
చెవితోటి సూడ నేను.
డోరు మీద అరచెయ్యి వెడత,
కోను మీద నాలుగు బియ్యపు గింజలేస్త.

ఆఖరికి పన్నెండుకు ఒప్పుకున్నడు, పైసలు సాలక.
ప్లైవుడ్ కోసి, మూలలకు ఫెవికాల్ వట్టిచ్చి
పొద్దూకింది.
వైరు కలిపిన.

గింజలు లేసినయ్,
ఒకటి నా మీసాల మీద వడ్డది.
హనీఫ్ చాయ్ గ్లాసుల అలలు.
షట్టర్ దడదడమని ఊగి
సుద్ద సున్నలకెల్లి
తెల్లటి దుమ్ము రాలింది.

చందు నా దిక్కు తిరిగి ఏదో అన్నడు.
పెదాలను బట్టి "సాలా?" అన్నట్టే ఉన్నది.
డోరు మీదికెల్లి చెయ్యి
నేనింక దియ్యలే.